గాలి రాని రోజు

నిన్న ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియోలో మంచు పాట తీశాం. మంచంటే నిజం మంచు కాదు, సబ్బు నురగ. పైన మిషన్ పెట్టి ఊదితే తెల్లగా రాలుతుంది. మెడ మీద పడితే జిడ్డు, నోట్లోకి పోతే చేదు. షాట్ గ్యాప్‌లో గ్రూపు డాన్సర్ ఒకమ్మాయి గోడవార కూర్చుని కాళ్లకు నీలగిరి తైలం రాసుకుంటోంది. ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, మైకు పట్టుకుని స్టెప్పులకు లెక్క చెప్పాల్సిన డాన్స్ మాస్టర్ని, లెక్క మరిచి ఆ అమ్మాయి పాదాల వైపే చూస్తూ నిలబడిపోయాను. "ఏమైంది మేడం?" అన్నాడు డైరెక్టర్. ఏం చెప్పను ఆ కుర్రాడికి? అతను పుట్టేనాటికి, నా పాదాలు ఒళ్లో పెట్టుకుని అదే తైలం రుద్దిన కామేశ్వరి మాస్టర్ ఎవరో ఈ ఫిల్మ్ నగర్‌కే గుర్తు లేదు.

మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. పాట చూసేవాళ్లకు హీరో కనపడతాడు, హీరోయిన్ కనపడుతుంది, స్టెప్పు నేర్పినవాళ్లు కనపడరు. కామేశ్వరి మాస్టర్‌ది కాకినాడ. మద్రాసులో గ్రూపు డాన్సరుగా మొదలుపెట్టి డాన్స్ మాస్టర్ అయింది. సినిమాలవాళ్లు ఒక్కొక్కరే మద్రాసు వదిలి వస్తున్న రోజుల్లో తనూ వచ్చి ఫిల్మ్ నగర్ ఎత్తు మీద ఒక ఇంటి మేడ పైన అద్దెకు దిగింది. జూబ్లీహిల్స్‌లో అప్పటికి ఇళ్లకన్నా బండలే ఎక్కువ. పొట్టి మనిషి. నేత చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపి, కాళ్లకు మగపిల్లలు వేసుకునే కాన్వాస్ బూట్లు తొడిగి, ఆ బండల మధ్య ఈలకొడుతూ తిరిగేది. ఆ వేషం చూసి నవ్వినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆవిడ ఎదురుగా నవ్వినవాణ్ని మాత్రం ఒక్కణ్నీ చూడలేదు.

బండల మీద పాట పెడితే ముందు తను ఎక్కేది. ఎక్కడ కాలు జారుతుందో, ఎక్కడ రాయి కదులుతుందో మడమతో తొక్కి తొక్కి చూసేది. తను నడవని చోట ఏ అమ్మాయినీ నిలబెట్టేది కాదు. ప్రొడక్షన్‌వాళ్లు వాచీలు చూసుకుని పళ్లు నూరేవాళ్లు. ఏదో పెద్ద ప్రమాదం కళ్లారా చూసి ఉంటుంది, అందుకే ఇంత భయం అని ఆవిడ గ్రూపు డాన్సర్లం మాలో మేం గుసగుసలాడుకునేవాళ్లం. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"మాస్టర్, మీ ముంగట ఎవలన్న పడిపోయిన్రా?"

"ఎవరూ పడలేదే. ఏం, ఎవరో ఒకరు పడ్డాకే భయపడాలా?" అంది. అని, ఇంకో రాయి తొక్కి చూడటానికి వెళ్లిపోయింది.

ఆవిడకు ఇంకో పద్ధతి ఉండేది. ఊరు దాటి షూటింగ్‌కు తీసుకెళ్లాలంటే ప్రతి అమ్మాయి ఇంటికీ స్వయంగా వచ్చేది. మాది బోరబండ. ఆటో మా గల్లీలోకి రాదు, పెద్ద రోడ్డు మీదే దిగి ఎండలో నడిచి వచ్చింది. మా అమ్మకు సినిమాలంటే గుబులు. చాయ్ ఇచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడింది.

"మేడం, నా బిడ్డను గంత దూరం పంపుతున్న. ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తెచ్చి గీ గడపల ఇడువాలె," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. మాస్టర్ మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది. "అలాగేనమ్మా. ఈ గడప దగ్గరే నీకు అప్పజెప్తాను. మధ్యలో దీనికి జలుబు చేసినా వచ్చి నన్నే అడుగు," అంది. పెద్ద పెద్ద నిర్మాతల ముందు కూడా ఆవిడ అంత వినయంగా నిలబడటం నేను చూడలేదు.

ఆ ప్రయాణం కెనడాకు. తొంభైల మధ్యలో సంగతి. అక్కడ కొండల మధ్య ఒక స్కీయింగ్ ఊళ్లో, ఎటు చూసినా తెల్లటి మంచులో పాట తీయాలని మా నిర్మాత కోరిక. ముహూర్తం చూడనిదే గడప దాటని మనిషి ఆయన. కార్తీకం దాటితే మూఢం వస్తుంది, దాని వెనకే ధనుర్మాసం, మళ్లీ మంచిరోజులు ఎప్పటికో అన్నారట సిద్ధాంతిగారు. ఇంకేం, కార్తీకంలోనే విమానం ఎక్కాం. పంచాంగంలో తిథి చూశారు, వారం చూశారు, వర్జ్యం చూశారు. ఆ కొండ మీద మంచు ఎప్పుడు పడుతుందో మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు. హైదరాబాద్‌లో కూర్చుంటే అలాంటి దేశాల్లో మంచు ఎప్పుడూ ఉంటుందనే అనిపిస్తుంది మరి.

బస్సు దిగి చూస్తే ఏముంది, ఎండిపోయిన గడ్డి! కొండ పాదమంతా మట్టిరంగు. మధ్యలో ఒక్క దారి మాత్రం చీరకు అంచు వేసినట్టు తెల్లగా ఉంది. అది కూడా ఆకాశం నుంచి పడింది కాదు, చలి ముదరగానే పెద్ద పెద్ద ఫ్యాన్లలాంటి మిషన్లతో నీళ్లు చిమ్మి చేసుకున్న మంచు. స్కీయింగ్ చేసేవాళ్లంతా ఆ ఒక్క దారిలోనే కిక్కిరిసి జారుతున్నారు. నిజం మంచు కొండ శిఖరం దగ్గరే పడింది, అదీ పలచగా. మా నిర్మాత ఆ గడ్డిలో నిలబడి "ఇదేంటయ్యా, మా శంషాబాద్ పొలాల్లా ఉంది!" అని నెత్తి పట్టుకున్నాడు. అయినా ముహూర్తం దాటకూడదు కదా. ఆ గడ్డి మీదే కొబ్బరికాయ కొట్టాం. కర్పూరం గాలికి నిలవక ఆరిపోతూ ఉంటే అందరం చుట్టూ చేతులు అడ్డం పెట్టి హారతిచ్చాం.

రెండు రోజులు ఆ తెల్ల అంచులోనే కెమెరా అటూ ఇటూ తిప్పి ఏవో ముక్కలు తీశారు. హీరోకు తోలు కోటు, గ్లవ్స్, బూట్లు. హీరోయిన్‌కు, మాకు షిఫాన్ చీరలు. మన పాటల్లో చలి మగవాళ్లకే వేస్తుంది. మాస్టర్ మా చీరల కింద ఒంటిరంగు ఉన్ని బట్టలు తొడిగించింది. షాట్ అవగానే దుప్పటి కప్పి, ఒక్కొక్కరి పాదాలూ ఒళ్లోకి తీసుకుని నీలగిరి తైలంతో రుద్దేది. "నాకు వద్దు మాస్టర్, మీరు నా కాళ్లు పట్టుడేంది?" అని నేను వెనక్కి లాక్కుంటే, చెంప మీద ఒక్కటి చరిచి మళ్లీ లాక్కుంది. మూడోనాడు పొద్దున డైరెక్టర్ తేల్చి చెప్పేశాడు. కింద లాభం లేదు, రేపు శిఖరం మీదికి వెళ్లి తీయాల్సిందే.

పైకి వెళ్లడానికి రోప్‌వే ఒక్కటే దారి. మాస్టర్ తన అలవాటు ప్రకారం ఆ సాయంత్రమే దాన్ని చూసుకునే పెద్దమనిషి దగ్గరికి వెళ్లింది. ఆయన మాటల్ని అసిస్టెంట్ డైరెక్టర్ తెలుగులో చెప్పాడు. రేపు మధ్యాహ్నం పైన పెద్ద గాలి రావచ్చు. వస్తే రోప్‌వే ఆపేస్తారు. స్కీయింగ్ వచ్చినవాళ్లు ఎలాగో జారుకుంటూ దిగిపోతారు. మీకు వచ్చా? రాకపోతే గాలి తగ్గేదాకా పైనే ఉండాలి. మంచు మీద నడిచే బండ్లు ఉన్నాయి గానీ, సీజన్ మొదలు కాబట్టి మంచు పలచన, కింద రాళ్లు తేలి ఉన్నాయి, అవి పైదాకా రాగలవని మాటివ్వలేను. అంతా విని మాస్టర్ ఒకటే ప్రశ్న అడగమంది.

"గాలి ఖాయంగా వస్తుందా?"

"ఖాయమని చెప్పలేను. రావచ్చు," అన్నాడాయన.

ఆ 'రావచ్చు' దగ్గరే మాస్టర్ ఆగిపోయింది. హోటల్‌కు తిరిగొచ్చి, తన పిల్లలెవరూ రేపు పైకి రారని చెప్పింది. నిర్మాత నిలువునా మండిపోయాడు.

"రావచ్చు అంటే రాకపోవచ్చు అని కూడా కదండీ! ఇంత దూరం వచ్చింది ఈ గడ్డి తీసుకోడానికా? మీరు రాకపోతే మీ పేరు తీసేసి ఇంకొకళ్లతో పాట పూర్తి చేస్తాను. తర్వాత నన్ను అనుకోవద్దు."

"అనుకోనండి. కానీ షిఫాన్ చీరల్లో ఆడపిల్లల్ని దిగే దారి లేని చోట నిలబెట్టను. వాళ్ల అమ్మలకు మాటిచ్చాను," అంది మాస్టర్. గొంతు పెంచలేదు. తన చేతిలో ఉన్నది ఆ ఒక్క సినిమాయేనని మా అందరికీ తెలుసు.

హీరోయిన్ అప్పుడే పైకి వస్తున్న అమ్మాయి, తెలుగు కొత్త. మాస్టర్ గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "నేను వెళ్లను అంటే నన్ను తీసేస్తారు మాస్టర్," అని ఏడ్చేసింది. మాస్టర్ బతిమాలి చూసింది. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఇక లాభం లేదని తన కాళ్లకున్న ఉన్ని మేజోళ్లు విప్పి ఆ అమ్మాయికి తొడిగింది. షాట్ అయిన మరుక్షణం దుప్పటి కప్పుకోమని, గాలి కాస్త మారినా ఎవరి మాటా వినకుండా రోప్‌వే ఎక్కేయమని మళ్లీ మళ్లీ చెప్పింది.

మర్నాడు వాళ్లు పైకి వెళ్లారు. గ్రూపు లేకుండా హీరో, హీరోయిన్ ఇద్దరితోనే పాట తీస్తామన్నారు. మేం కింద ఉండిపోయాం. మాస్టర్ రోప్‌వే దగ్గర ఎండిన గడ్డిలో నిలబడి శిఖరం వైపే చూస్తోంది. ఉత్త కాళ్లకు ఆ కాన్వాస్ బూట్లు. లోపలికి రమ్మంటే రాదు, టీ ఇస్తే తాగదు. మధ్యాహ్నమైంది. ఆకు కదలలేదు. మాకు ఒళ్లు మండిపోతోంది. మా ఇంత మందికి తెర మీద కనపడే అవకాశం పోయె, ఆవిడ పని పోయె, పైగా ఆకాశం అద్దంలా నవ్వుతోంది. నా పక్కనున్న తోటి డాన్సర్ రేణుక పళ్లు కొరుకుతూ "రానీ గాలి, ఒక్కసారి రానీ. అప్పుడు తెలిసొస్తుంది వాళ్లకి," అంది. నా మనసులో ఉన్నదీ అదే.

మాస్టర్ గిర్రున తిరిగింది. ఆవిడ మొహం అలా ఉండటం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

"నోర్ముయ్! పైన ఉన్నది మన పిల్ల కాదటే? నా మాట నెగ్గడానికి దాని ప్రాణం మీదికి రావాలా?"

మళ్లీ కొండ వైపు తిరిగి చేతులు జోడించింది. అప్పుడు వినపడింది నాకు, పొద్దుటినుంచీ ఆవిడ పెదాలు కదుపుతున్నదేమిటో. "రాకూడదు తల్లీ, ఈ పూటకు గాలి రాకూడదు." తన మాట అబద్ధం కావాలని, లోకమంతా తనను చూసి నవ్వాలని అంత గట్టిగా మొక్కుకునే మనిషిని నేను అప్పుడే చూశాను. రేణుకా నేనూ ఏడుస్తూ ఆవిడకు చెరో పక్కనా నిలబడ్డాం.

గాలి రాలేదు. సాయంత్రం నవ్వుకుంటూ దిగారందరూ. నిర్మాత మా ముందు ఆగి, "చూశారా మాస్టర్? ఏమీ కాలేదు కదా!" అన్నాడు వెటకారంగా.

"అవునండీ. ఏమీ కాలేదు," అంది మాస్టర్. అని, హీరోయిన్‌ను దగ్గరికి లాక్కుని గడ్డిలోనే చతికిలబడి ఆ అమ్మాయి పాదాలు ఒళ్లో పెట్టుకుంది. తైలం రాస్తున్నంతసేపూ ఆవిడ కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతూనే ఉన్నాయి.

పాట బ్రహ్మాండంగా ఆడింది. తెర మీద ఇంకొకరి పేరు వేశారు. అంతవరకైతే సర్దుకునేదేమో. పిరికిది, షూటింగ్ చెడగొడుతుంది అని ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకింది. ఫిల్మ్ నగర్‌లో మాట పాకడానికి ఎంతసేపు? గాలి వచ్చి ఉంటే ఆవిడ దేవత అయ్యేది. రాలేదు కాబట్టి పిచ్చిది అయింది. పనికి రమ్మని కబురు చేసేవాళ్లు తగ్గారు, తర్వాత ఆగిపోయారు. మేడ ఖాళీ చేసి మధురానగర్‌కు మారి, ఒక చిన్న హాల్లో పిల్లలకు డాన్స్ నేర్పుతూ బతికింది. నేను వదిలి వెళ్లనంటే తిట్టి తిట్టి వేరే మాస్టర్ దగ్గరికి తనే పంపింది.

అప్పట్లో కెనడా నుంచి దిగిన రోజే ఆవిడ నన్ను వెంటబెట్టుకుని మా గల్లీకి వచ్చింది. మా అమ్మకు జరిగిందేమీ తెలియదు. "ఇదిగోనమ్మా నీ బిడ్డ. జలుబు కూడా చేయలేదు," అని నా భుజం మీద చేయి వేసి గడప లోపలికి నెట్టింది. మా అమ్మ నవ్వుతూ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. అప్పుడే పని పోగొట్టుకుని వచ్చిన మనిషి, అలసిపోయి మా గడప మీద కూర్చుంది.

ఆవిడ చనిపోయే ముందు ఆస్పత్రిలో ఒకసారి అడిగాను. "మాస్టర్, నిజం చెప్పుండ్రి. ఆ దినం గాలి వస్తే మంచిగుండు అని ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న అనిపించలేదా?" "అనిపించిందే. పని లేక ఇంట్లో కూర్చున్నప్పుడు చాలాసార్లు అనిపించింది. అనుకున్న ప్రతిసారీ ఆ అమ్మాయి మొహం గుర్తొచ్చి లెంపలు వేసుకున్నాను," అంది.

నిన్నటి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ సబ్బు నురగ పడి పడి నేల గాజులా జారుడుగా తయారైంది. డైరెక్టర్ ఎగిరి తిరిగే స్టెప్పు కావాలంటాడు. నేను బూట్లు తొడుక్కుని ఈ మూల నుంచి ఆ మూలకు మడమతో తొక్కి చూశాను. కడిగి ఆరబెట్టేదాకా ఎవర్నీ నిలబెట్టనన్నాను. అతను విసుక్కున్నాడు, ప్రొడక్షన్‌వాళ్లు ఎవరెవరికో ఫోన్లు చేశారు. చేసుకోనీ! కడిగించాను, ఆరాకే తీశాం. సాయంత్రం ప్యాకప్ చెప్పాక అతను నా పక్కకు వచ్చి, "పూటంతా పోయింది మేడం. చూడండి, ఏమీ కాలేదు కదా," అన్నాడు.

గేటు దగ్గర పిల్లలు బ్యాగులు తగిలించుకుని ఒకరినొకరు తోసుకుంటూ వ్యాను ఎక్కుతున్నారు. తైలం రాసుకున్న అమ్మాయి అందరికన్నా ముందు ఎక్కి కిటికీ సీటు పట్టుకుంది. అందరూ ఎక్కేదాకా చూశాను.

"అవును బాబూ," అన్నాను. "ఏమీ కాలేదు."