మద్దిచెట్టు తొర్రలో నీలి సాలీళ్లు

పదేళ్ల కిందట, ఎండలు మొదలవుతుండగా, గిద్దలూరు వైపు అడవిలో ఒక సెక్షన్‌కు డిప్యూటీ రేంజ్ ఆఫీసరుగా చేరాను. నా పైన రేంజ్ ఆఫీసరు, కింద బీట్ ఆఫీసర్లు, వాళ్ల కింద దినకూలీ వాచర్లు. వేసవి ముదిరేలోపు అగ్నిరేఖలు తీయించాలి. కార్చిచ్చు దాటిపోకుండా గడ్డీ కంపా తీసేసిన బాటనే అగ్నిరేఖ అంటాం. దాని పక్కన నిలువునా ఎండిన చెట్లను కూడా కొట్టిస్తాం.

అలా ఒక ముసలి మద్దిచెట్టుకు గుర్తు వేశాను. వాచర్ ఓబులేసు అడ్డం వచ్చాడు.

“సార్, దీని తొర్రలో నీలం సాలెపురుగులుండాయి. మా నాయన కాలం నుంచీ చూస్తన్నాం. ఇదొక్కటి ఇడిసిపెట్టండి సార్.”

“పురుగుల కోసం చెట్టు ఉంచితే, రేపు నిప్పంటుకున్నప్పుడు నువ్వు జవాబు చెప్తావా?” అన్నాను.

చెట్టు కూలింది. బయటపడ్డ సాలీళ్లను కూలీలు భయపడి చెప్పులతో కొట్టారు. నేను వారించలేదు.

నెల తిరక్కుండా, ఒక జూలో సాలీళ్ల విభాగం చూసే మేడమ్ అనుమతి పత్రంతో వచ్చారు. విదేశాల జూలలో గాజుపెట్టెల్లో పెట్టి చూపించే నీలి టరాంటులా అనే పెద్ద సాలీడుకు సొంత అడవి నంద్యాల, గిద్దలూరు మధ్యదేనట. వందేళ్ల కిందట గుత్తి రైల్వే కలప డిపోలో మొదటిసారి దొరికిందట. ఆడది పదేళ్లకు పైగా బతుకుతుందని, పాత చెట్ల తొర్రలే దాని ఇల్లని చెప్పారు. జూలో ఎన్ని పిల్లలు పుట్టినా, అడవిలో తొర్రచెట్లు లేకపోతే ఏం లాభం అన్నారు.

మద్దిచెట్టు మొద్దు దగ్గర ఆగి, ఎవరు కొట్టారని అడిగారు.

“ఊళ్లోవాళ్లు. వాచర్ కాపలా సరిగా లేదు” అన్నాను.

ఓబులేసు పక్కనే ఉన్నాడు. తల వంచుకున్నాడు. ఆమె ఆ సంగతి రేంజ్ ఆఫీసరుకు చెప్పారు. ఆయన వెంటనే ఓబులేసును పనిలోంచి తీసేశారు.

ఎనిమిది రోజులు ఆగాను. ఆ తర్వాత, చెట్టు నేనే కొట్టించానని రాసిచ్చి మెమో తీసుకున్నాను. రాచర్ల దగ్గర ఓబులేసు ఊరికి వెళ్లి, మళ్లీ పనిలోకి రమ్మన్నాను. అతను గొర్రెలకు నీళ్లు పెడుతున్నాడు.

“నేను వద్దన్న సంగతి గూడా రాసినారా సార్?” అని అడిగాడు.

రాయలేదు. తెలియక కొట్టించినట్టే రాశాను. అతని ముందు నిలబడటానికి నాకు మొహం చెల్లలేదు. మర్నాడు ఆ సంగతి కూడా చేర్చి రెండో కాగితం రాసిచ్చాను.

తెలియకపోవడం నా తప్పు కాదని చెప్పుకునే వీలు నాకు లేదు. తెలిసినవాడు ముందే చెప్పాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ చెట్టుకు గుర్తు వేసినా ముందు వాచర్‌ను అడిగి, అతని మాటను అతని పేరుతోనే రిజిస్టరులో రాశాను.