వంత పలకని పూట

కాలవ తవ్వే రోజుల్లో నా అంత పాటకత్తె కొత్తపేట చుట్టుపక్కల లేదని గట్టిగా నమ్మేదాన్ని. ఆ మాట నాకు చెప్పింది మా మేస్త్రీ. ఎందుకు చెప్పాడో తెలియడానికి నెల పట్టింది. పెద్దయ్యాక మిషన్ బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాను గనుక, నా తెలివితక్కువతనాన్ని నేనే రాసుకుంటున్నాను.

గోదావరికి ఆనకట్ట కట్టాక మా వైపు కాలవలు మొదలయ్యాయి. మగవాళ్లు పలుగూ పారా పట్టి తవ్వేవారు. ఆ మట్టిని ఆడవాళ్లం తట్టల్లో గట్టు మీదికి మోసేవాళ్లం. మా ముఠాలో పదిహేను మందిమి. ఒకరు పాట ఎత్తితే మిగతావాళ్లు వంత పలకాలి, అడుగులు ఆ వంతకే పడాలి. పాట నడుస్తున్నంతసేపూ పని ఆగకూడదు. అది అయిపోగానే అందరం కూర్చోవాలి. మంచినీళ్లు తాగడం, ఆకు నమలడం, చంటిపిల్లలకు పాలివ్వడం అన్నీ అప్పుడే. ఈ కట్టుబాటును మేస్త్రీ కూడా దాటేవాడు కాదు.

అంతవరకు పాట ఎత్తిన ముసలమ్మకు గొంతు పోయింది. ఆ పని నాకు అప్పగించింది. ఆమె పాటలు పొట్టివి, ఒక్క దమ్ములో అయిపోయేవి. నాకు అవి ఆనలేదు. మేస్త్రీ తలపాగా మీద ఒక చరణం కట్టాను, సంతలో గాజుల మీద ఇంకోటి, సఖినేటిపల్లి రేవులో పడవెక్కడానికి భయపడే పెళ్లికూతురి మీద ఏకంగా ఆరు.

"పాటంటే నీదేనమ్మా. ఇంకో నాలుగు చరణాలు కట్టరాదూ?" అన్నాడు మేస్త్రీ.

"ఆయ్, అలాగేనండి," అన్నాను. ఆ రాత్రి నాకు అన్నం కూడా సయించలేదు, అంత పొంగిపోయాను.

మా తోటికోడలు కూడా ఆ ముఠాలోనే ఉండేది. ఆమెకు మూడు నెలల మగబిడ్డ. రెండు కొబ్బరిచెట్ల మధ్య పాతచీర ఉయ్యాల కట్టి వాణ్ని పడుకోబెట్టేది. కొన్నాళ్లుగా నాతో మాట్లాడడం మానేసింది. నా పేరు చూసి కళ్లలో నిప్పులు పోసుకుంటోందని అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఒకనాడు పొద్దున్న, నా పాటలో పెళ్లికూతురు ఇంకా రేవులోనే ఉంది. నేను కొత్త చరణం ఎత్తాను. వెనక నుంచి రావలసిన "ఔనే అక్కా" రాలేదు. వినపడలేదేమోనని ఇంకాస్త గట్టిగా ఎత్తాను. అప్పుడూ రాలేదు. తిరిగి చూస్తే పద్నాలుగు మందీ తట్టలతో నిలబడిపోయి నన్నే చూస్తున్నారు.

అప్పుడు వినపడింది, ఉయ్యాలలో పిల్లాడి ఏడుపు. ఏడ్చి ఏడ్చి వాడి గొంతు బొంగురుపోయింది. మా తోటికోడలి పైట పాలతో తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. నా గొంతు నాకు అంత ముద్దయింది, నెల్లాళ్లుగా ఆ ఏడుపు నా చెవికెక్కలేదు. పాట ఎంత సాగితే పని అంత సాగుతుందనే మేస్త్రీ నన్ను పొగిడాడని అప్పుడు తెలిసింది.

"అయిపోయింది పాట," అన్నాను. ఆమె తట్ట పడేసి పరుగెత్తింది.

మేస్త్రీ వచ్చాడు. "పెళ్లికూతురు పడవెక్కలేదు కదమ్మా, అప్పుడే ఆపేరేం?"

"ఎక్కదండీ. బిడ్డ ఏడిస్తే మా పాట అయిపోయినట్టే. ఇకనుంచి అంతేనండి."

ఇంకొకరిని ఎత్తమన్నాడు. ఎవరూ ఎత్తలేదు. ఉడుకుమోత్తనం వచ్చి చివరికి తనే ఎత్తాడు. ఆయన గొంతు ఎటు పోతోందో, తాళం ఎటు పోతోందో దేవుడికే తెలియాలి. మేం బుద్ధిగా ఆ తాళానికే అడుగులు వేశాం. ఒకరినొకరు గుద్దుకున్నాం. రెండు తట్టల బురద ఆయన కాళ్ల మీదే పడింది. గుంటలో తవ్వుతున్న మగవాళ్లు పారలు వదిలేసి పొట్టలు పట్టుకుని నవ్వారు.

"పాడండి బాబూ, తమరి పాట బాగుంది," అంది ముసలమ్మ, పోయిన గొంతుతోనే.

ఆయనా నవ్వేశాడు. "మీ ఇష్టం వచ్చినప్పుడే తట్టలు దించుకోండమ్మా," అని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు మొదటి చరణంలోనే పిల్లాడు కెవ్వుమన్నాడు. టక్కున ఆపేశాను. కూర్చున్నాం. వెళ్లి మా తోటికోడలి పక్కన చేరాను. ఆమె పిల్లాడికి పాలిస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఇంతకీ ఆ పిల్ల పడవెక్కిందా, లేదా?"

"ఇంకా లేదక్కా."

"అయితే ఎక్కించవే. వీడు తాగేలోపు."

నేను కూర్చున్నచోటే సన్నగా ఎత్తాను. అందరికంటే ముందు ఆమే "ఔనే అక్కా" అంది.