ఏటి ఒడ్డు బెంచీల మీద మా పంతులమ్మ

మా తెలుగు పంతులమ్మ పోయారన్న కబురు కాన్వెంటు బడి ఆయా తెచ్చింది. నేను పెరట్లో నీళ్ళు తోడుతున్నాను. "టీచరమ్మ తెల్లారుజామున పోయింది పాపా. సాయంత్రం మన్ను చేస్తారంట" అని నిలబడే చెప్పి, ఇంకా నాలుగిళ్ళకు చెప్పాలంటూ వెళ్ళిపోయింది. నేను చాలాసేపు చేదతాడు పట్టుకొనే నిలబడ్డాను.

కర్నూలు దాటితే ఆవిడను ఎరిగినవాళ్ళు లేరు. కోడుమూరు పక్క పల్లెలో, కూలి చేసుకొని బతికే క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. మిషను బడిలో చదివి పంతులమ్మ అయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. తరగతిలో పుస్తకపు తెలుగే మాట్లాడేవారు. గడప దాటగానే వాళ్ళ ఊరి మాట వచ్చేసేది. నాలాంటి నోరు విప్పని పిల్లను ఎప్పుడూ లేపి నిలబెట్టి ప్రశ్న అడిగేవారు కాదు. నా బల్ల పక్కకు వచ్చి మెల్లగా అడిగి, మెల్లగా చెప్పిన జవాబునే తీసుకొనేవారు. అందుకు ఆవిడకు నేను ఎంత రుణపడ్డానో అప్పట్లో తెలియలేదు.

నా చిన్నతనంలో తుంగభద్ర ఒడ్డంతా పేడకుప్పలు, గాడిదలు, కూలిన కోటగోడ రాళ్ళు. మునిసిపాలిటీవారు అదంతా ఎత్తిపోయించి, నేల చదును చేసి, కానుగ మొక్కలు నాటి పార్కు చేశారు. మంచి పనే. సాయంత్రాలు పిల్లలకు ఆడుకోవడానికి చోటు దొరికింది. ఒడ్డు పొడుగునా ఏటికి ఎదురుగా కడప బండల బెంచీలు కూడా వేశారు. ఆ బెంచీలకు సరిగ్గా దిగువనే ఆడవాళ్ళు నీళ్ళు పోసుకొనే మెట్లు ఉన్నాయి. ఆ సంగతి పెద్దలకెవరికీ తోచలేదు. వాళ్ళ ఇళ్ళలో బావులున్నాయి. మా ఇంట్లోనూ ఉంది. బావి లేని ఇళ్ళ ఆడవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, దోసకాయలు అమ్మేవాళ్ళు పొద్దున్నే ఆ మెట్లకే వచ్చేవారు. అంతకుముందు పేడ కంపుకు మగవాళ్ళు అటు తొంగిచూసేవారు కాదు. పార్కు వచ్చాక, గాలి పీల్చుకోవడానికి తెల్లవారగానే వచ్చి బెంచీల మీద కూర్చోవడం మొదలుపెట్టారు.

ఒకనాడు బడి వదిలాక పంతులమ్మ నన్ను వెంటబెట్టుకొని, పార్కు పని చూసిన ప్లీడరుగారి ఇంటికి వెళ్ళారు. నేను స్తంభం చాటున నిలబడ్డాను.

"బెంచీలు ఏటికెదురుగా వేస్తిరి. ఆడోళ్ళు యాడ నీళ్ళు పోసుకోవల్ల?" అన్నారు.

ప్లీడరుగారు నవ్వారు. "ఏరు చూసేదానికే గదమ్మా పార్కు చేసింది! ఏటికి వీపు పెట్టుకోని కూర్చోమంటారా?"

"ఏరు చూడండప్పా, శానా బాగుంటాది. ఏట్లో ఉండేవాళ్ళను చూడొద్దంటాండా."

ఆయన చూద్దామన్నారు. బెంచీలు అలాగే ఉన్నాయి.

ఆ తరువాత వారమే పంతులమ్మ మమ్మల్ని, పెద్ద తరగతి పిల్లలను, పొద్దున్నే పుస్తకాలతో పార్కుకు రమ్మన్నారు. బెంచీకి ఇద్దరు చొప్పున కూర్చోబెట్టారు. ఆడపిల్ల కూర్చున్న బెంచీ మీద మర్యాదస్థుడెవడూ కూర్చోడు. ఆవిడ ఆలోచనంతా అంతే. చేతికర్రలతో వచ్చిన పెద్దమనుషులు మా ముందు ఒకసారి అటూ ఇటూ తచ్చాడి, గేటు వైపు వెళ్ళిపోయారు. దిగువన మెట్ల మీద మాటలు వినబడ్డాయి. నవ్వులు కూడా.

మా అమ్మ ఒప్పుకోలేదు. "నలుగురూ తిరిగే చోట ఆడపిల్లను కూర్చోబెడతారా?" అని కోప్పడింది. ఆ సాయంత్రం పంతులమ్మే ఇంటికి వచ్చారు.

"మీ పాప నిండుగా బట్ట కట్టుకోని, పుస్తకం పట్టుకోని కూర్చోనుంటాదమ్మా. కిందుండేవాళ్ళు తడిబట్టతో ఉండారు. ఎవురి మీద కన్ను పడితే కష్టమో నువ్వే చెప్పు."

అమ్మ నా పుస్తకాలు తీసి గూట్లో సర్దింది. "రేపు పంపిస్తాలే టీచరమ్మా" అంది.

అలా మా చదువులో సగం ఆ బండల మీద సాగింది. ఎండాకాలం బండ తొందరగా కాలేది. ఆవిడ ముందే వచ్చి చెంబుతో నీళ్ళు చల్లి, కొంగుతో తుడిచి మమ్మల్ని కూర్చోమనేవారు. మేం నీళ్ళ వైపు చూస్తుంటే, "పుస్తకం చూడండి. ఏరు యాడికీ పోదు" అనేవారు. ఒక గడుసుపిల్ల, "పోతానే ఉంది గదా టీచర్!" అంది. ఆవిడ ఒక్కక్షణం ఏటి వైపు చూసి, మాకంటే ఎక్కువగా నవ్వారు.

ఎవరో ఫిర్యాదు చేశారు. కావలివాడు ఇబ్బందిగా వచ్చి, "పార్కులో బడి పెట్టగూడదంట టీచరమ్మా" అన్నాడు.

"బడి యాడుందప్పా? గంటుందా? బోర్డుందా? పిల్లోళ్ళు కూర్చోని సదువుకుంటాండారు. కూర్చునేదానికే గదా బెంచీలు ఏసింది?"

వాడు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. వాడి పెళ్ళాం కూడా ఆ మెట్లకే వచ్చేదని తరువాత తెలిసింది.

ఏళ్ళు గడిచాయి. నాతో కూర్చున్నవాళ్ళు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. కొత్త పిల్లల ఇళ్ళలో ఒప్పుకోలేదు. యుద్ధం వచ్చాక కిరసనాయిలు లేక పార్కు దీపాలు ఆరిపోయాయి. సాయంత్రం వచ్చేవాళ్ళు కూడా పొద్దున్నే రాసాగారు. పంతులమ్మ మాత్రం దగ్గుతూనే వచ్చి, మధ్య బెంచీ మీద ఒక్కరే కూర్చొనేవారు. తరువాత ఆ దగ్గే ఆవిడను మంచాన పడేసింది.

చివరిసారి చూడబోయినప్పుడు తలగడ మీంచి కొంచెం లేచి, "బెంచీలకాడికి మన పిల్లోళ్ళు ఎవురన్నా పోతాండారా?" అని అడిగారు.

"ఎవరూ లేరు టీచర్. మగవాళ్ళే ఉంటున్నారు."

"మరి ఆడోళ్ళు యాడికి పోతాండారు?"

"కోట బురుజు అవతలికి. మెట్లు లేని చోటికి."

"ఆడ మడుగు శానా లోతు," అన్నారు. ఆ మాట అన్నాక ఆవిడ ముఖం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

సమాధుల తోటలో ఎక్కువమంది లేరు. పాస్టరుగారు, బడివాళ్ళు, పల్లె నుంచి వచ్చిన ఆవిడ తమ్ముడు. వెనక, దూరంగా, ఏటి ఆడవాళ్ళు. అందరూ మన్ను వేసి కదులుతుండగా దోసకాయలమ్మే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"మా పక్క ఒక్కనాడన్నా చూడలేదమ్మా ఆయమ్మ. పేరు గూడా అడగలా. ఊరికే కూర్చోనుండె. ఇంక ఎవురు కూర్చుంటారు పాపా?"



మరునాడు పొద్దున్నే పార్కుకు వెళ్ళాను. మిగతా బెంచీలన్నిటి మీదా మగవాళ్ళున్నారు. మధ్య బెంచీ ఒక్కటే ఖాళీగా ఉంది. కూర్చొని పుస్తకం తెరిచాను. కాసేపటికి పత్రిక చేతబట్టుకొని ఒకాయన వచ్చి, నన్ను చూసి కూడా, అదే బెంచీ రెండో కొసన కూర్చున్నాడు. రోజులు మారాయి కాబోలు. ఏమండీ అనడానికి కూడా నాకు నోరు రాలేదు.

దిగువన నీళ్ళలో ఒక్క మనిషే ఉంది. పనికి పొద్దుపోతున్నదేమో, మడుగు దాకా పోకుండా ఇక్కడే దిగినట్టుంది. మెడ దాకా నీళ్ళలో, మాకు వీపు పెట్టి, కదలకుండా ఉంది. ఎండ ఎక్కుతున్నది. ఆయన పత్రిక మడిచి ఏటి వైపు చూశాడు.

నేను లేచాను. నాలుగడుగులు ముందుకు వేసి, ఆయనకూ ఏటికీ నడుమ, ఒడ్డు అంచున నిలబడ్డాను. పైటకొంగు రెండు చేతులా విప్పి పట్టుకున్నాను. పంతులమ్మ మమ్మల్ని కూర్చోబెట్టిననాడు ఒడ్డు పొడుగునా ఉండిన మరుగు, ఆ పొద్దున నా ఒక్కదాని వెడల్పే మిగిలింది. నీళ్ళలో మనిషి తల తిప్పి ఒకసారి పైకి చూసింది. తరువాత ఆ కొద్దిపాటి మరుగులోనే, పక్కకు జరగకుండా, తిన్నగా మెట్లెక్కి వచ్చి జుట్టు పిండుకుంది.