ఉప్పులో దాచిన గొంతు

కొన్నేళ్ల కిందట ఆమదాలవలస స్టేషనులో రైలు కోసం కూర్చున్నాను. పక్కనున్న చేపలావిడ ఉప్పు సంచిలోంచి ఒక క్యాసెట్టు తీసి దులిపింది. తీరంలో కంపెనీ వద్దంటూ ఊరు చేసిన దీక్షలో ఆవిడ భర్త పాడిన పాట అందులో ఉందట. ఆయన ఇప్పుడు లేడు. విజయనగరంలో కంప్యూటరులోకి ఎక్కిస్తారంటే తీసుకెళ్తోంది.

"ఉప్పులో ఎందుకు పెట్టావమ్మా?"

"సేపే పాడవదు, గొంతు పాడైపోతాదేటి బావూ?"

జన్మంతా రేడియోలోనే పనిచేశానని చెప్పాను. నిజానికి మా ఇంట్లో ఒక రేడియో ఉండేది, అంతే.

"అయితే నువ్వే సూసి సెప్పు, పాట ఉన్నాదా?" అంటూ నా చేతిలో పెట్టింది.

మరలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. క్యాసెట్టును చెవికి ఆనించుకుని తలూపాను. ఆవిడా తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

"అవును, ఇనబడతన్నాది," అని నవ్వింది.

ఆ నవ్వు ఆయన పాటకా, నా వేషానికా అన్నది నాకిప్పటికీ తేలలేదు.