అక్షరం మీద కాలు పెట్టని ఆట

మా పై గదిలో కిరాయికి ఉండే నర్సమ్మాయి నేను చేసిచ్చిన ఆటను మూడు రోజులు ఆడి, మొదటి మెట్టు కూడా దాటలేదు. ఆ పిల్లకు మాటలు గుర్తుండడం లేదేమోనని బెంగపడ్డాను. తప్పు నా ఆటలోనే ఉందని తెలిసింది మాత్రం కోదాడ పోయే బస్సులో.

మా ఇల్లు సూర్యాపేటలో. ఆమెది నడిగూడెం. ఇక్కడ ఒక ప్రైవేటు దవాఖానలో ఆరేళ్ళ నుంచి పనిచేస్తోంది. జర్మనీలో నర్సు ఉద్యోగానికని ఫోన్‌లోనే క్లాసులు విని, హైదరాబాద్ పోయి భాష పరీక్ష రాసి, తప్పింది. ఇంకొక్కసారి రాయొచ్చు. అదీ తప్పితే జాబితాలోంచి పేరు పోతుంది. నాట్లకు వంగి వంగి మోకాళ్ళు అరిగిపోయిన వాళ్ళమ్మను ఇకనైనా పొలం పని మాన్పించాలని ఆమె పట్టుదల. పరీక్షకు నెల రోజులు కూడా లేదు.

"గ్రామర్ ఎట్లనో ఒకట్ల వస్తుందక్కా. మాటలే నిలుస్తలేవు. డ్యూటీ దిగి మెట్లెక్కేసరికి పొద్దున చదివినవన్నీ కిందనే రాలిపోతున్నయ్," అంది ఒక సాయంత్రం. నా లాప్‌టాప్ వైపు చూసి, "గల్లీ పిల్లలకు ఎక్కాల ఆట చేసినవ్ గదా, నాకూ ఒకటి చేసియ్యరాదూ?"

అడగడమే ఆలస్యం. ఇక నాకు కూర్చుంటే అదే ధ్యాస, నిల్చుంటే అదే ధ్యాస.

నేను బడికి పోలేదు. మిర్యాలగూడలో మా అమ్మగారిల్లు రైసుమిల్లు పక్కనే. ఊక దుమ్ముకు నాకు చిన్నప్పుడు ఆయాసం. అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది, అదీ ఆటల్లోనే. చింతగింజలతో కూడికలు, తలుపు మీద సుద్దముక్కతో దేశాల పటాలు. తర్వాత ఓపెన్‌లో ఇంటర్, డిగ్రీ. కంప్యూటర్ కూడా వీడియోలు చూసి ఇంట్లోనే నేర్చుకున్నాను. బడికి పోయుంటే ఆటకూ చదువుకూ మధ్య గోడ ఉందని నమ్మేదాన్నేమో. అందుకే ఆ ఆయాసానికి కూడా దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

సరే, ఏం ఆట? తొక్కుడుబిళ్ళ! నేల మీద ఎనిమిది గళ్ళు, గడికో జర్మన్ మాట. పైన తెలుగులో 'నీళ్ళు' అని పడుతుంది. రెండు జడల పిల్ల గంతేసి 'వాసర్' అని ఉన్న గడిలో కాలు పెట్టాలి. వేరే గడిలో పెడితే ఔటు, టైమైపోయినా ఔటు. ఆ పిల్ల ఎగిరినప్పుడు లంగా అంచు కొంచెం లేవాలని దానికే ఒక పూటంతా పట్టింది. మొదటిసారి సరిగ్గా ఎగిరినప్పుడు చప్పట్లు కొట్టాను. కొట్టు నుంచి భోజనానికి వచ్చిన మా ఆయన చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది.

"ఏమైందే?"

"దుంకింది!"

"ఎవరు?"

చూపిస్తే, "ఇంకా నయం, పక్కింటి పిల్ల గోడ దుంకిందనుకున్న," అని మళ్ళీ అన్నంలో పడ్డారు.

ఆ ఆదివారం ఆమె వాళ్ళమ్మ దగ్గరికి, నేను కోదాడలో బంధువుల గృహప్రవేశానికి, ఒకే బస్సెక్కాం. ఆమె ఫోన్ తీసి ఆట మొదలుపెట్టింది. నేను కిటికీలోంచి చూస్తున్నట్టు నటిస్తూ ఓరకంట చూస్తున్నాను. మాట వచ్చింది, గడి సరిగ్గానే తొక్కింది. తొక్కగానే ఫోన్ పైకెత్తి కళ్ళకద్దుకుంది. కిందికి దించేసరికి తర్వాతి మాటకు టైమైపోయి ఔటు. మళ్ళీ మొదలు.

నాకంటే ముందు పక్క సీటులో గంపతో కూర్చున్న పెద్దమ్మ అడిగేసింది. "ఏం బిడ్డా, ఎక్కినకాడికెల్లి గా ఫోన్‌కు మొక్కుతనే ఉన్నవ్. దాంట్ల ఏ దేవుడున్నడు?"

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. "దేవుడు కాదమ్మా, అక్షరాలు."

"చెప్పవేందే మరి?" అన్నాను.

"నవ్వొద్దక్కా. కాలు పడంగనే నా చెయ్యి కళ్ళకు పోతుంది. ఆపుదామన్నా ఆగుతలేదు. మా ఇంట్ల బైబిల్ మీద ఇంకో పుస్తకం పెట్టనియ్యదు మా అమ్మ. ఆమెకు చదువు రాదు, అయినా పప్పు కట్టిన పేపర్‌కు కాలు తగిలినా కళ్ళకద్దుకుంటది. నువ్వేమో అంత ఇష్టంగా చేసినవ్, ఎట్ల చెప్పాలె?"

"కాలు నీది కాదు గదనే. బొమ్మది."

"ఆడించేది నేనే గదక్కా."

పెద్దమ్మ నా వైపు తిరిగి తీర్పు చెప్పేసింది. "ఏ దేశం రాతయితేంది, రాత రాతే. నువ్వు మార్చు బిడ్డా నీ ఆటను. మార్చేదాక నన్ను గా కిటికీకాడ కూసోనియ్యి, గాలాడుతలేదు."

లేచి సీటిచ్చాను. రోజూ పొద్దున దీపం పెట్టి, లాప్‌టాప్‌కు కూడా బొట్టు పెట్టి గానీ పని మొదలుపెట్టని దాన్ని. ఒక ఆడపిల్లతో అక్షరాలను తొక్కిస్తున్నానన్న సోయి నాకెందుకు లేకపోయిందో! సిగ్గేసింది. కానీ సిగ్గు వెనకే ఉరుకుతూ ఇంకో ఆలోచన వచ్చింది. అక్షరాలు కింద ఎందుకుండాలె? పైకి కట్టేస్తే?

ఆ పిల్ల పెన్ను అడిగి తీసుకుని, గృహప్రవేశం పత్రిక వెనక్కి తిప్పి గీయడం మొదలుపెట్టాను. గళ్ళు ఖాళీ. వాటి పైన అడ్డంగా ఒక దండెం. దండేనికి ఆరేసిన బట్టల్లాగా మాటలు. పిల్ల దుంకి, మునివేళ్ళ మీద లేచి, చెయ్యి చాచి మాటను అందుకోవాలి. బస్సు గుంతలకు గీతలన్నీ వంకరపోయాయి. ఎంత సంబరమంటే, కోదాడ వచ్చినా, అక్కడ ఇంకో బస్సు మారాల్సిన ఆ పిల్ల భుజం తట్టేదాకా తెలియలేదు.

ఇంటికొచ్చి మార్చడం మొదలుపెట్టాక అసలు సంగతి బయటపడింది. చెయ్యి చాచి అందుకోవడానికి రెండు క్షణాలు పడుతుంది. తొక్కినప్పుడు లేని ఖాళీ అది. ఆ ఖాళీలో మాట వినిపిస్తే? టైం గడియారం పీకేశాను. సామాన్ల గదిలో బియ్యం బస్తాల మధ్య గొంతు మార్మోగదని ఆమెను అక్కడ కూర్చోబెట్టి, ఒక్కో మాట ఆమెతోనే పలికించి రికార్డు చేశాను. 'ఫీబర్' అంటే జ్వరం. 'ష్మెర్ట్సెన్' అంటే నొప్పులు. బొమ్మ చెయ్యి లేస్తుంటే ఆమె గొంతే ఆమెకు వినిపిస్తుంది, ఆమె వెంట పలుకుతుంది, అప్పుడు మాట చేతికొస్తుంది.

మర్నాటి నుంచి మా మెట్ల మీద ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ జర్మనే. ఒకరోజు కూరగాయల బండి దగ్గర దాహమేసి నీళ్ళడగబోయి 'వాసర్' అందట. బండి ఆయన "గా కూర ఇయ్యాల రాలేదమ్మా" అన్నాడట. ఇద్దరం నవ్వి నవ్వి కూలబడ్డాం.

పరీక్ష రోజు దీపం ముందు కూర్చుని, పాస్ చెయ్యమని కూడా అడగలేదు. ఆ పిల్లను తొందరపెట్టకు స్వామీ, చెయ్యి చాచేంత సేపివ్వు, చాలు అన్నాను.

ఫలితం వచ్చిన మధ్యాహ్నం ఆమె డ్యూటీ బట్టలతోనే మెట్లు దిగి వచ్చింది. ఫోన్ బోర్లా పట్టుకుంది.

"నేను చూడనక్కా. నువ్వే చూడు."

తిప్పి చూశాను. అంతా జర్మనే. నాకు తెలిసింది ఆటలో పెట్టిన మాటలంతే. పేరు గుర్తుపట్టాను, అంకెలు గుర్తుపట్టాను, కింద నల్లటి పెద్దక్షరాల్లో ఒక మాట.

"ఈ మాట మన దండెం మీద లేదే. 'బెస్టాండెన్' అని ఉంది. ఏందది?"

ఆమె ఫోన్ గుంజుకుని చూసింది. చూసి, కింది మెట్టు మీద చతికిలబడింది.

"పాసక్కా," అంది. "పాస్ అని అర్థం."

దేవుడా, నీ దయ అన్నాను, పైకే. తర్వాత ఏమీ తోచక లోపలికి ఉరికి నా ఫోన్ తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టాను.

"'బెస్టాండెన్' అను. మన దండెం మీదికి ఎక్కించుకుంటా."

వెక్కిళ్ళ మధ్యనే అంది. గొంతు పగిలింది, మధ్యలో నవ్వూ వచ్చింది. మళ్ళీ శుభ్రంగా చెప్తానంది గానీ నేనొప్పుకోలేదు.