బుజ్జి నంబర్ మార్చను

బుజ్జీ, ఈ రోజు నీ ఫోన్ మోగింది తల్లీ.

నువ్వు జ్వరంతో పోయి ఎనిమిది నెలలు. గాజుల పనికి నా వేళ్లు అరిగిపోయి, రేషన్ దుకాణంలో మిషను ముద్ర తీసుకోవడం లేదు. రెండు నెలలుగా బియ్యం లేవు. అందుకే పొద్దున రేషన్ ఆఫీసుకు వెళ్లాను. కార్డులో నీ పేరు కొట్టేసిన సారే ఉన్నాడు.

"ఇగ ఫోన్‌కొచ్చే ఓటీపీతోనే తీస్కోవాలమ్మా. గని కార్డుకున్న ఈ నంబర్ మీ బిడ్డది గదా? నీది చెప్పు, మారుస్త."

"మార్చకు సారూ. పేరు తీసేసిన్రు, ఊకున్న. నంబర్ తియ్యనియ్య."

"చనిపోయినామె ఫోన్‌కు ఎట్ల పంపాలె?"

"బిడ్డ పోయింది గని ఫోన్ పోలే. రీచార్జి నేనే చేయిస్తున్న. పంపు, ఎందుకు రాదో చూస్త!"

లైనంతా చూస్తుండగా సంచిలోంచి నీ ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. సారు పంపిన ఓటీపీ వచ్చి మోగింది. నువ్వు నేర్పిన అంకెలే కదా, ఒక్కొక్కటి గట్టిగా చదివాను. సారు తల దించుకుని, "సరే, ఇదే ఉంచుతున్నమ్మా" అన్నాడు.

వస్తూ రేషన్ దుకాణంలో కూడా అలాగే ఓటీపీ చెప్పి బియ్యం తెచ్చాను.

ఇది చదివే మీరు నన్ను మొండిది అంటారా? అనండి, ఆ నంబర్ మాత్రం మారదు. ఇప్పుడు పొయ్యి మీద ఆ బియ్యమే ఉడుకుతున్నాయి. మీరు కూడా ఈ పూట కడుపునిండా తినండి.