మూతి బయటికి పెట్టిన బస్సు

మొన్న పొద్దున బాన్సువాడ డిపో నుంచి డ్రైవర్ ఫోన్ చేశాడు. "మేడం, కాక పోయిండు." మళ్లీ తనే అన్నాడు: "దవాఖానకు తోల్కపోనీకి ఆటో వస్తే, దాన్ని గూడ రివర్స్‌ల పెట్టిచ్చిండంట." ఏడుస్తూనే నవ్వేశాను.

కాక మా బస్సు డిపోలో రిటైరైన పెద్ద మెకానిక్. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చేవాడు. రావద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన కాలపు బస్సులకు పొద్దున్నే మహా బద్ధకం. అందుకని సాయంత్రమే బస్సును వాలు మీద, మూతి గేటువైపు పెట్టించి, చక్రం కింద రాయి పెట్టేవాడు. తెల్లారి రాయి తీస్తే దొర్లుతూ స్టార్టయ్యేది. ఇంట్లో స్కూటర్‌కు కూడా అదే మర్యాద: మూతి వీధివైపు, చక్రం కింద రాయి.

ఎలక్ట్రిక్ బస్సులకు సోలార్ కప్పుతో ఛార్జింగ్ షెడ్డు డిజైన్ చేసే పని నాకొచ్చింది. అదే నా మొదటి డిజైన్. ఛార్జింగ్ పాయింటు బస్సు ముందువైపు ఉంది కాబట్టి, బస్సు నేరుగా లోపలికొచ్చి గోడవైపు మూతి పెట్టాలని, ఛార్జర్లు ఆ గోడకే ఉండాలని గీశాను. కాక నక్షాను తలకిందులుగా పట్టుకుని చూశాడు.

"వాలేది బిడ్డా?"

"కరెంటు బస్సుకు వాలెందుకు కాకా?"

"ఏ బస్సైనా బస్సే."

అధికారులు చూడటానికొచ్చే రోజు రానే వచ్చింది. వాళ్లకు నచ్చకపోతే డిజైన్‌తో పాటు నా ఉద్యోగమూ పోయేలా ఉంది. బస్టాండును ఆనుకున్న ఖాళీ స్థలంలో ముగ్గుపిండితో షెడ్డు గీతలు గీసి, వెనక ప్రహరీ గోడకు ఒక ఛార్జర్ తగిలించి, బస్సు తెమ్మన్నాను. కాక ఈల వేస్తూ, బస్సు ఒళ్లు చరుస్తూ దాన్ని రివర్స్‌లో లోపలికి రప్పించి, చక్రం కింద రాయి కూడా పెట్టాడు. గోడ దగ్గరి కేబుల్ ముందువైపుకు అందితే కదా!

"కాకా, కొంప ముంచినవ్!"

"మరి పొద్దుగాల ఎనకకొచ్చుకుంట బయటికి పోతే, గీడ నిలబడ్డ జనమేం గావాలె?"

అప్పుడు చూశాను. బిచ్కుంద బస్సు కోసం సంచులతో, పిల్లలతో జనం సరిగ్గా నా షెడ్డు ముందే నిలబడి ఉన్నారు. అంతలో అధికారులు దిగారు. నేను నోరు తెరిచేలోపే కాక అందుకున్నాడు.

"సార్, ఛార్జర్లు గోడకుంటే ఏం తిప్పలైతదో చూపియ్యనీకి గీ బిడ్డనే ఇట్ల పెట్టిచ్చింది. ముంగటి కంబాలకు మారుస్తదంట. మస్తు దిమాక్!"

అధికారులు తలలూపారు. నేనూ ఊపాను, సిగ్గులేకుండా. వాళ్లు వెళ్లాక, "వాలు మాత్రం పెట్టకపోతివి," అని కాక రెండు రోజులు అలిగాడు.

ఆ మెప్పు ఇన్నాళ్లూ నా దగ్గరే ఉండిపోయింది. ఆ తెలివి నాది కాదు, కాకది. ఆ మాట ఆయన బతికుండగా నలుగురిలో చెప్పనందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

నిన్న ఆయన్ను సాగనంపి షెడ్డు దగ్గరికి వెళ్లాను. సోలార్ కప్పు నీడలో బస్సులన్నీ మూతి బయటికి పెట్టి, ముందు స్తంభాల నుంచి ఛార్జింగ్ అవుతున్నాయి. నేల చదునుగా ఉంది. అయినా ప్రతి బస్సు చక్రం కిందా ఎవరో ఒక రాయి పెట్టారు.